ఈడేరిన బిడ్డ: ఒక తల్లి ఉత్తరమునకు జవాబు

(మహిళల కార్యక్రమమున ప్రసారమైన ప్రసంగ పాఠము)

మా కార్యక్రమమునకు వచ్చు ఉత్తరములలో కొన్ని ప్రసార సమయమున చదువదగినవి. కొన్ని చదివి చాలనాళ్ళు దగ్గర పెట్టుకొనవలసినవి. రెండవ తెగకు చెందినది ఒకటి మొన్న వేసవిలో వచ్చినది. వ్రాసిన తల్లి తన పేరును, ఊరును చెప్పవలదని కోరినది కనుక ఆ రెండును చెప్పము. ఉత్తరము ఇట్లున్నది: "అక్కయ్యగారికి నమస్కారాలు. మా అమ్మాయికి పన్నెండో ఏడు. మాటలు నాలుగైదు తప్ప రావు. మనం చెప్పింది కొంత తెలుస్తుంది. మూర్ఛకు మందులు వాడుతున్నాం. పోయిన నెల పెద్దమనిషి అయింది. గుడ్డ పెడితే తీసి పారేస్తుంది. నెత్తురు చూసి ఏడుస్తుంది. మా అత్తగారూ, మా ఆడపడుచూ ఒకటే మాట - గర్భసంచి తీయించెయ్యండి, రెండు బాధలూ ఒక్కసారే వదులుతాయి అని. ఒక డాక్టరుగారు కూడా సరే అన్నారు. మీరేమంటారు?"

"రెండు బాధలు" అన్న మాటను గమనింపుడు. ఒకటి నెలనెలా వచ్చు ముట్టు. రెండవది ఆ అత్తగారు పేరు పెట్టి అనలేకపోయినది: ఎవడైన దుర్మార్గుడు బిడ్డపై చేయి వేసినచో ఏమగునన్న భయము. ఈ రెండును వేరువేరు విషయములు. ఒక్క కత్తితో రెండింటిని తీర్చవచ్చుననుకొనుటలోనే పొరపాటున్నదని మా అభిప్రాయము. ఆ తల్లికి జవాబు వ్రాయుటకు ముందు మేము ఇద్దరు స్త్రీవైద్యులను, ప్రత్యేక పాఠశాలలో చిరకాలము పనిచేసిన ఒక ఉపాధ్యాయినిని కలిసికొని మాట్లాడితిమి, చట్టములను తిరుగవేసితిమి. వారు చెప్పినదియు మాకు తోచినదియు కలిపి ఇప్పుడు మీకు విన్నవించుచున్నాము. ముట్టు అను మాటను రేడియోలో ఉచ్చరింపవచ్చునా అని మా సహోద్యోగి యొకరు సందేహించిరి. ఉచ్చరింపకుండుట వలననే ఈ ఉత్తరము పుట్టినదని మేము బదులు చెప్పితిమి. ఇంట మగవారున్నచో రేడియో కట్టివేయకుడు; వారును వినవలసిన సంగతులే.

బుద్ధివికాసము మందగించిన బిడ్డకు శరీరవికాసము మందగింపదు. తోడి బాలికలకు ఈడు వచ్చు వయస్సుననే పెక్కుమందికి వచ్చును. మెదడుకు సంబంధించిన కొన్ని వైకల్యములున్నవారిలో కొందరికి ఇంకను ముందుగనే వచ్చును. ఎనిమిదేండ్లు నిండక పూర్వమే ఆ లక్షణములు కనిపించినచో వైద్యునకు చూపవలెను. కాని మన ఇండ్లలో జరుగుచున్నదేమి? పిల్ల మాటలు పసిమాటలు గనుక పిల్లయు పసిదే యనుకొందురు. పదేండ్లు వచ్చినను పెరటిలో అందరి యెదుట నీళ్ళు పోయుదురు. ఆపై ఒకనాడు పావడా మీద మరక కనబడగానే ఇల్లంతయు ఉలికిపడును. ఆ ఉలికిపాటును చూచి పిల్ల బెదరును. ఆలోచించి చూడుడు, ఆమెకు అంతవరకు నెత్తురనగా దెబ్బ. పడినప్పుడు నెత్తురు కారినది, అమ్మ పరుగెత్తుకొని వచ్చి కట్టు కట్టినది. ఇప్పుడు ఎక్కడను పడలేదు, నెత్తురు మాత్రము వచ్చుచున్నది, అమ్మ ముఖము వేరుగా ఉన్నది. ఏడ్వక ఏమి చేయును?

ఆ ఉపాధ్యాయిని మాకు చెప్పిన మొదటి మాట ఇది: "మొదటి ముట్టు వచ్చిన తరువాత నేర్పడం మొదలుపెడితే ఆలస్యమే, అయినా అసలు నేర్పకపోవడం కంటే మేలు." ఛాతీ పొటమరించుట మొదలైన రెండు మూడేండ్లకు సామాన్యముగా రజస్వల యగుదురు గనుక ఆ కాలమంతయు సిద్ధపడుటకు దొరికినదే. ఆమె తమ పాఠశాలలో ఒక గుడ్డబొమ్మకు లోదుస్తులు కుట్టించినదట. పారాణి నీళ్ళలో కలిపి మెత్తపై రెండు చుక్కలు వేసి, "బొమ్మకు దెబ్బ తగల్లేదు, బొమ్మ నవ్వుతోంది చూడు" అని చూపునట. అంతకంటె మంచి పాఠము తల్లియో అక్కయో తమ మెత్తను మార్చుకొనునప్పుడు పిల్లను దగ్గర నుంచుకొని చూపుట. ఈ మాట వినగానే శ్రోతలలో కొందరు చెవులు మూసికొందురని మాకు తెలియును. మన దేశమున ఆడుది తన ముట్టును కన్నకూతురికైనను చూపదు. కాని చూచి నేర్చుకొను బిడ్డకు, విని నేర్చుకొనలేని బిడ్డకు, చూపక నేర్పు మార్గమేది?

మెత్తను తీసి పారవేయుటకు కారణము మొండితనము కాదు. ఈ పిల్లలలో పలువురికి ఒంటిపై కొత్త స్పర్శ సహింపదు. చొక్కా మెడలోని చీటీ గుచ్చుకొనినను చింపుకొను బిడ్డ, కాళ్ళ నడుమ మందమైన వస్తువును ఎట్లు భరించును? కనుక ముట్టు లేని దినములలో అలవాటు చేయవలెను. ఒకనాడు పావుగంట, మరునాడు అరగంట, పిమ్మట పూట. ఆమెకు ఇష్టమైన పాట వినుచున్నప్పుడో, ఊయల మీద నున్నప్పుడో పెట్టినచో గమనింపదు. దుకాణపు మెత్త గరగరలాడుచున్నచో మెత్తని నూలుగుడ్డ వాడవచ్చును. లోదుస్తులోనే పీల్చుపొర కుట్టినవి ఇప్పుడు దొరకుచున్నవి. తీసి పారవేయుటకు వేరుగా ఏమియు లేకుండుట వాటి సుగుణము. ఏది వాడినను గుడ్డను ఎండలో ఆరవేయవలెను. మంచము కింద, పాత చీర చాటున ఆరవేసిన గుడ్డ ఆరదు, పుండ్లు తెచ్చును.

ఇక మార్చుకొనుట నేర్పుట. ఇది మనకు ఒక పని. ఆ బిడ్డకు తొమ్మిది పనులు. మరుగుదొడ్డిలోనికి పోవలెను, తలుపు వేయవలెను, బట్ట దింపవలెను, పాతది తీయవలెను, కాగితమున చుట్టవలెను, బుట్టలో వేయవలెను, కొత్తది అంటింపవలెను, బట్ట సరిచేసికొనవలెను, చేతులు కడుగుకొనవలెను. మొదటినుండి నేర్పబోయినచో మూడవ మెట్టుననే తల్లికి విసుగు, బిడ్డకు ఏడుపు. ఉపాధ్యాయిని చెప్పిన ఉపాయము తలక్రిందుది. ఎనిమిది పనులు తల్లియే చేయును, చివరి పని మాత్రము బిడ్డకు విడుచును. చేతులు కడుగుకొన్నంతనే పని ముగిసినది, మెప్పు దొరికినది. అది పట్టుబడిన తరువాత చివరి రెండు. అట్లు వెనుకనుండి ముందునకు. ప్రతి మారును ముగించినది తానే గనుక బిడ్డకు ఉత్సాహము చెడదు. ఎన్నినాళ్ళు పట్టునని మేమడిగితిమి. కొందరికి ఆరు నెలలు, కొందరికి మూడేండ్లు, కొందరికి ఎన్నటికిని రాదని ఆమె దాచక చెప్పినది. రానివారికి తల్లి చేయి తోడుండవలసినదే. ఆ చేయి ఈ పని ఇతరముల వలెనే చేయుచున్నదా, మూతి విరుచుకొని చేయుచున్నదా అన్నది మాత్రము పిల్లకు తప్పక తెలియును.

మూతి విరుపుల మాట వచ్చినది గనుక ఇంకొకటి. ఇంకను కొన్ని ఇండ్లలో బయట చేరుట యున్నది. మూడు దినములు చాప వేరు, కంచము వేరు, ఎవరును తాకరు. తెలిసిన ఆడుదానికే అది బాధ. అమ్మ చీరకొంగు పట్టుకొని తిరుగు ఈ బిడ్డకు, నెలకు మూడు దినములు అమ్మ తాకనీయకపోవుట ఏ నేరమునకు శిక్షయో ఎన్నటికిని తెలియదు. ఆచారమును పాటించు పెద్దలను మేము నొప్పింపము. ఈ ఒక్క బిడ్డ విషయమున దానిని విడువుమని మాత్రము వేడుచున్నాము. పేరంటము మాట వేరు. చిమ్మిలి పెట్టుట, కొత్త ఓణీ ఇచ్చుట అక్కచెల్లెండ్రకు జరిపినచో ఈమెకును జరుపుడు. అక్కకు చేసి చెల్లెలికి చేయకున్నచో ఆ తేడాను అందరికంటె ముందు పసిగట్టునది ఆ చెల్లెలే.

వైద్యము సంగతికి వత్తము. మొదటి రెండేండ్లు ముట్టు క్రమము తప్పుట ఏ బాలికకైనను సహజము. వెంటనే మందులకు పరుగెత్తవలదు. గోడ మీద కాలెండరున తేదీలు గుర్తింపుడు. నోటితో చెప్పలేని బిడ్డ కడుపునొప్పిని తల గోడకు కొట్టుకొని చెప్పును, చేయి కొరుకుకొని చెప్పును, అన్నము మాని చెప్పును. ఆ దినములను కూడ గుర్తింపుడు. మూర్ఛలున్నచో అవి వచ్చిన దినములును వేయవలెను, ఏలయన కొందరికి ముట్టు దగ్గరపడునప్పుడు మూర్ఛలు హెచ్చును. నాలుగైదు నెలల కాలెండరు వైద్యుని చేత పెట్టినచో సగము పరీక్ష అయినట్లే.

స్రావము మిక్కుటమైనచో కారణము వెదకవలెను. డౌన్ లక్షణములతో పుట్టిన బాలికలలో థైరాయిడ్ లోపము ఎక్కువ. దానివలన స్రావము హెచ్చవచ్చును, దానికి మాత్ర వేసినచో ఇదియు సర్దుకొనును. మూర్ఛకిచ్చు వాల్ప్రొయేట్ కొందరిలో ముట్టు క్రమమును చెరచును. ఉద్రేకము తగ్గుటకిచ్చు రిస్పెరిడోన్ ముట్టును ఆపివేయవచ్చును. మందు వలన వచ్చినదానికి మరియొక మందు వేయుట కంటె మొదటిదానిని సరిచూచుట మేలు గదా. ఇక నొప్పికి మెఫెనమిక్ ఆమ్లపు మాత్రను నొప్పి ముదరక మునుపే ఇచ్చినచో పనిచేయును. స్రావమును కూడ కొంత తగ్గించును. పెక్కుమందికి ఇంతటితో చాలును.

చాలనప్పుడు హార్మోను మందులు కలవు. గర్భనిరోధపు మాత్రలను విరామము లేక వాడినచో ముట్టు దూరదూరముగా వచ్చును. కాని ఫెనిటోయిన్, కార్బమజెపిన్, ఫినోబార్బిటోన్ అను మూర్ఛ మందులు ఈ మాత్రల బలమును తగ్గించును. లామోట్రిజిన్ వాడుచున్నచో కథ తిరుగబడును. మాత్రలే ఆ మందు బలమును తగ్గించి మూర్ఛలు పెంచవచ్చును. నడువలేక చక్రాల కుర్చీలోనే యుండు బాలికకు ఈస్ట్రోజన్ ఉన్న మాత్రలు కాలి నరములలో రక్తము గడ్డకట్టు ప్రమాదమును హెచ్చింపగలవు. మూడు నెలలకొకసారి ఇచ్చు సూదిమందు ఒకటి కలదు. 2017 నుండి 'అంతర' అను పేరున ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితముగ నిచ్చుచున్నారు. మొదట కొన్ని నెలలు చుక్కచుక్కగా ఎప్పుడుబడిన అప్పుడు కనిపించి విసిగించును. ఏడాది గడచునప్పటికి సుమారు సగము మందికి ముట్టు పూర్తిగా ఆగును. ఎముకల పుష్టి తగ్గుట, ఒళ్ళు వచ్చుట దీని లోపములు. ఒళ్ళు వచ్చుట అనగా చిన్న విషయము కాదు; బిడ్డను ఎత్తి స్నానము చేయించు తల్లి నడుమును అడుగుడు. గర్భాశయములో అమర్చు హార్మోను సాధనము ఐదేండ్లు, అంతకు మించియు పనిచేయును, స్రావమును మిక్కిలి తగ్గించును, మూర్ఛ మందులతో పేచీ లేదు. అయితే ఈ బాలికలకు సామాన్యముగా మత్తు ఇచ్చి అమర్చవలసి వచ్చును. దానికిని రాగి తీగ చుట్టిన సాధనమునకును తేడా తెలిసికొనుడు. రాగిది గర్భమును నివారించును గాని స్రావమును పెంచును. ఇవన్నియు మానుకొన్నచో తొలగునవి. అదే వాటి గొప్పతనము.

గర్భసంచి తీసివేయుట తొలగునది కాదు. అది పెద్ద శస్త్రచికిత్స. బొడ్డు కింద కోత, మత్తు, రోజుల తరబడి నొప్పి. ఏమి జరుగుచున్నదో తెలియని బిడ్డ కుట్లు పీకుకొనకుండ చేతులు పట్టుకొనవలసిన దుస్థితి. అండాశయములు మిగిలియుండును గనుక నెలనెలా వచ్చు చిరాకు, ముట్టు దగ్గరపడునప్పుడు హెచ్చు మూర్ఛలు ఆగవు. పిల్లలు పుట్టకుండ గొట్టములు ముడివేయు చిన్న ఆపరేషనుతో ముట్టు ఆగునని కొందరనుకొందురు. అది అబద్ధము, ముట్టు యథాప్రకారము వచ్చును. ముట్టు శుభ్రతకై మాత్రమే గర్భసంచి తీయుటను మేమడిగిన వైద్యులిద్దరును ఒప్పుకొనలేదు. ఉత్తరములోని డాక్టరుగారు సరే అన్నారనగా మాకు కొంత ఆశ్చర్యమే కలిగినది.

ఇది కొత్త వాదము కాదు. 1994 ఫిబ్రవరిలో పుణే సమీపమున శిరూరులోని ప్రభుత్వ వసతిగృహమునందున్న మానసిక వైకల్యముగల స్త్రీలలో పలువురకు శుభ్రత పేరున గర్భసంచులు తీయించిరి. మహిళాసంఘములు అడ్డుపడగా మిగిలినవారికి ఆగినది. ఆ వార్తలు చదివినప్పుడు మాలో కొందరికి కలిగిన ప్రశ్న సులభమైనది: ఆ గృహమున సరిపడిన నీళ్ళు, గుడ్డలు, ఆయాలు ఉండినచో కత్తి అవసరమగునా? అమెరికాలో 1927లో క్యారీ బక్ అను యువతిని బుద్ధిహీనురాలని ముద్రవేసి, గొట్టములు కోయుటకు ఆ దేశపు సుప్రీంకోర్టే అనుమతించినది. ఆమెకు బుద్ధిలోపము లేదనియు, ఆమె గర్భము అత్యాచారము వలన వచ్చినదనియు తరువాత తేలినది. ఆ దేశమున అట్లు 60,000 మందికి పైగా ఆపరేషనులు జరిగినవి.

మన చట్టము ఇప్పుడు స్పష్టముగా ఉన్నది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టములో 10వ సెక్షను, వైకల్యముగల ఏ వ్యక్తికిని వారి స్వేచ్ఛాపూర్వకమైన, తెలిసి యిచ్చిన సమ్మతి లేక సంతానశక్తిని పోగొట్టు చికిత్స చేయరాదని చెప్పుచున్నది. తల్లి సమ్మతి అని లేదు, తండ్రి సమ్మతి అని లేదు. ఆ వ్యక్తి సమ్మతి అని యున్నది. అంతకు ముందే, 2009లో, చండీగఢ్ ప్రభుత్వ ఆశ్రమమున అత్యాచారమునకు లోనై గర్భవతియైన ఒక యువతి విషయమున సుప్రీంకోర్టు ఇట్టి మాటే చెప్పినది. స్వల్ప బుద్ధిమాంద్యము గల ఆమె బిడ్డను కనగోరినది, హైకోర్టు గర్భస్రావమునకు ఆజ్ఞాపించినది, సుప్రీంకోర్టు ఆపినది. మానసికరోగము వేరు, బుద్ధిమాంద్యము వేరు, పెద్దదైన స్త్రీ సమ్మతిని మరియొకరు ఇయ్యజాలరని తీర్పు సారాంశము.

రెండవ బాధకు వత్తము. గర్భసంచి లేని బిడ్డపై అత్యాచారము జరుగదా? జరుగును. జరిగినట్లు తెలియకుండ పోవును, అంతే తేడా. గర్భము రాదన్న ధీమా దుర్మార్గునికే రక్ష. సుఖవ్యాధులను అది ఆపదు. ఇట్టి పనికి పూనువాడు సామాన్యముగా కొత్తవాడు కాదు. బంధువో, పొరుగువాడో, బడికి తీసికొనిపోవువాడో. కనుక రక్ష వేరు తీరున ఉండవలెను. ఒంటిలో ఏ భాగములు తనవో, వాటిని స్నానమునకు అమ్మ, జబ్బునకు డాక్టరు తప్ప తాకరాదని, తాకినచో "వద్దు" అని అరవవలెనని బొమ్మలతో నేర్పవలెను. ఆ భాగములకు పేర్లు చెప్పవలెను. పేరులేని చోట జరిగినది బిడ్డ ఎట్లు చెప్పును? మాట రానివారికి బొమ్మల చీటీలు కలవు. పెద్దలు ఏది చెప్పినను తలయూపు బిడ్డను మంచి బిడ్డ అని మెచ్చుకొనుచుందుము. ఆ మెప్పు ఇక్కడ చేటు. ముద్దు పెట్టుమని మామయ్య అడిగినప్పుడు బిడ్డ తల తిప్పుకొన్నచో తిప్పుకొననిండు.

జరుగరానిది జరిగినదని అనుమానము వచ్చినచో బిడ్డకు స్నానము చేయింపక, బట్టలు ఉతుకక ఆసుపత్రికి తీసికొనిపోవలెను. 72 గంటలలోపున ఇచ్చు మాత్రతో గర్భమును నివారింపవచ్చును. ఎంత త్వరగా ఇచ్చిన అంత మేలు. మూర్ఛ మందులు వాడుచున్న సంగతి మరువక చెప్పవలెను. పద్దెనిమిదేండ్ల లోపు బిడ్డ విషయమున 2012 నాటి చట్టము ప్రకారము తెలిసిన ప్రతివారును పోలీసులకు తెలుపుట విధి. 1098 అను నంబరు పిల్లల సహాయమునకే యున్నది. గర్భము నిలిచినచో 2021 నాటి నిబంధనలు ఇట్టివారికి, ఇద్దరు వైద్యుల అభిప్రాయముపై, 24 వారముల వరకు అవకాశమిచ్చుచున్నవి.

గర్భనిరోధమును భయము కొరకే తలచుట కూడ సరికాదు. స్వల్పమైన లోపము గల యువతులు కొందరు పనిచేసి సంపాదించుచున్నారు, ప్రేమించుచున్నారు, పెండ్లియాడుచున్నారు. వారికి సంగతి విప్పి చెప్పి, వారు కోరిన పద్ధతి ఇప్పించుట మర్యాద. వారమునకొకటి మ్రింగు 'ఛాయ' మాత్ర మన లక్నో ప్రయోగశాలలో పుట్టినదే. మొదటి మూడు నెలలు వారమునకు రెండు, పిమ్మట ఒకటి. అందులో హార్మోను లేదు. ఇక లోపమును దాచి, పెండ్లి చేసినచో కుదురుకొనునని ఎవరి యింటికో పంపు పెద్దలున్నారు. వారికి చెప్పదలచినది ఈ ప్రసంగమున ఇముడదు.

సికింద్రాబాదు మనోవికాసనగరమున 1984లో కేంద్రప్రభుత్వము స్థాపించిన జాతీయ సంస్థ యున్నది. పేరు తరువాత మార్చిరి. పాత పేరులోని మాట నొప్పించునదని మార్చుట మంచిదే. తల్లిదండ్రులకు నేర్పువారు అక్కడ దొరకుదురు. ఆ తల్లికి ఈ సంగతులు వ్రాసి, సంస్థ చిరునామా జతచేసి పంపితిమి.

నెల క్రిందట ఆమెనుండి రెండవ ఉత్తరము వచ్చినది. నూలుగుడ్డను బిడ్డ ఇప్పుడు పూటంతయు ఉంచుకొనుచున్నదట. చేతులు కడుగుకొనుట వచ్చినది, బుట్టలో వేయుట ఇంకను రాలేదు. ఒకసారి బియ్యపు డబ్బాలో వేసినదట. మూర్ఛలు ముట్టుకు ముందు రెండు దినములు హెచ్చుచున్నవని కాలెండరు వలన తేలి, డాక్టరు మందు మోతాదు సవరించిరట. అత్తగారు మాత్రము ఆపరేషను మాటను విడువలేదు. "ఆవిడకు మీ ప్రసంగం వినిపిస్తాను, ఏ రోజు ఏ వేళకు వస్తుందో వ్రాయండి" అని అడిగినది. వ్రాసితిమి.